పన్నెండు గొలుసులు, తొమ్మిది అణాలు

నీటిబుడగ నల్లగుండ్రం నడుమకు వచ్చేదాకా సుమన కర్రను కదలనియ్యలేదు. రెండు మీటర్ల కర్ర అది. కొసన పుట్టగొడుగు లాంటి తెల్ల యంత్రం. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మాట కలుపుకొని, కర్ర మొన ఆనిన చోటు ఎక్కడుందో వేలెడు తేడా లేకుండ చేతిలోని ట్యాబ్‌కు చెప్తది. బుడగ ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా అది చెప్పేదంతా వట్టిదే. అందుకే సుమన మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డది.

"రాయి మంచిగనే ఉంది గద బిడ్డా," అన్నడు చంద్రమోహన్. "గిక్కడి నుంచే పట్టు. ఎండ ముదరకముందే అయిపోతది."

డోర్నకల్‌లో ఎరువుల దుకాణం ఆయనది. ఈ చేను కొని పన్నెండేండ్లయింది. ఇప్పుడు అమ్ముతున్నడు. అమ్మాలంటే కొలిచి గీసిన నక్ష కావాలె, నక్ష మీద లైసెన్స్ ఉన్న సర్వేయర్ సంతకం కావాలె. సుమనకు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే. ఇది ఆమె చేతి మీద మూడో కొలత.

చేనులో మిర్చి ఆఖరి ఏరుడుకు వచ్చింది. ఆకు రాలి, కట్టె మిగిలి, అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రకాయ వేలాడుతున్నది. ఆ కాయ ఏరుతున్నది సుమన తండ్రి రెడ్యా. చంద్రమోహన్ నాలుగెకరాలు కౌలుకు చేసేది ఆయనే. బిడ్డ వచ్చిన సంగతి తెలిసినా తలెత్తి చూడలేదు. నడుముకు కట్టుకున్న సంచీలో కాయ వేసుకుంటూ సాలు వెంట పోతనే ఉన్నడు.

అవతలి ఒరం గట్టు మీద గట్టమ్మ కూసోని ఉన్నది. పక్కన ఉన్న రెండెకరాల చెలక ఆమెది. పత్తికట్టె పీకి కుప్ప పెట్టింది. కొలతకు రమ్మని వచ్చిన నోటీసును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకున్నది.

"ఈ రాయి ఆఖరుకు పట్టుదం సార్," అన్నది సుమన. "ముందుగాల ఊరి హద్దు రాయి పట్టాలె."

"అది వాగు కాడ. గంత దూరమెందుకు?"

"కొలత అక్కన్నే మొదలుపెట్టాలె సార్."

ఏ రాయి జరిగితే ఎవ్వరికీ లాభం లేదో ఆ రాయి నుంచి మొదలుపెట్టుమని శిక్షణ ఇచ్చిన ముసలి సారు చెప్పిండు. వాగు కాడి రాయి అట్లాంటిది. బండలో దిగగొట్టిన నడుమెత్తు రాయి. రెండూర్ల మధ్యన ఉంటది. దానికి దక్షిణాన వాగు, ఉత్తరాన గట్టమ్మ చెలక. చెలక దాటినంక మూడు సర్వే నంబర్లు కలిసే చోట ఇంకో రాయి. చంద్రమోహన్‌ది ఒక నంబరు, గట్టమ్మది ఒకటి, పడమర దిక్కు ఉమారాణి అనే ఆమెది ఒకటి. ఇప్పుడు చంద్రమోహన్ చూపించిన రాయి అదే.

సుమన వాగు కాడికి పోయింది. కర్ర నిలబెట్టి బుడగ కుదిరించి లెక్క పట్టుకున్నది. మళ్ల నడుచుకుంట వచ్చి మూడు నంబర్ల రాయి మీద కర్ర ఆనించింది. ట్యాబ్ చెప్పింది: మూడు వందల డెబ్బై రెండు అడుగులు.

ఆమె ట్యాబ్‌లో ఇంకో బొమ్మ తెరిచింది. నిజాం నాటి సర్వేలో గీసిన పొలం పటం, టిపన్ అంటరు. నిన్న మానుకోట సర్వే ఆఫీసుకు పోయి, బట్ట అంటించిన ఆ పాత కాయితాన్ని ఫోటో తీసుకొని వచ్చింది. వాగు రాయి నుంచి మూడు నంబర్ల రాయికి గీసిన గీత పక్కన పన్నెండు, దాని పక్కన తొమ్మిది. అప్పటి సర్వే గొలుసుకు ముప్పై మూడు అడుగులు. సుమన లెక్కేసింది. నాలుగు వందల ఇరవై ఆరు వచ్చింది. ఇంకోసారి వేసింది. అంతే వచ్చింది.

"సార్, రాయి యాభై నాలుగు అడుగులు వాగు దిక్కు జరిగి, గట్టమ్మ చెలకల ఉన్నది," అన్నది.

చంద్రమోహన్ కోపం చెయ్యలేదు. కోపం చేసే మనిషి కాదు. జేబులో నుంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నడు. "ఎనకటి కాయితం బిడ్డా అది. ఎండల నడుచుకుంట, చెమట కార్చుకుంట రాసిండ్రు. నీ మిషన్ తప్పు పోతదా, వాళ్ల గొలుసు తప్పు పోతదా?"

ఒరం మీది నుంచి గట్టమ్మ మొదటిసారి నోరు తెరిచింది.

"నాలుగు పాకెట్ల పత్తిగింజ పెట్టే చెలక నాది. నాలుగేండ్ల నుంచి మూడున్నర తోనే అయిపోతున్నది. సగం పాకెట్ గింజ మిగిలిపోతున్నది. గింజ తగ్గిందా, భూమి తగ్గిందా సేటూ?"

"జేసీబీ పెట్టి చదును చేయించినప్పుడు రాయి లేచింది, నిజమే. మళ్ల ఉన్నకాడనే పాతిపిచ్చిన. ఆగయ్య ఉండె. అడుగు," అన్నడు చంద్రమోహన్.

ఆగయ్య చంద్రమోహన్ పనులు చూసే మనిషి. పార భుజాన పెట్టుకొని నిలబడ్డోడు, నేల చూసిండు.

వాగు దిక్కు నుంచి బర్రె కోసం గడ్డి మోపు ఎత్తుకొని వస్తున్న ముసలాయన అక్కడ ఆగిండు. మొండయ్య. సర్వే ఆఫీసులో గొలుసు పట్టే పని చేసి, రిటైరయి ఇరవయ్యేండ్లు దాటింది. మోపు దింపి, దాని మీదనే కూసున్నడు.

"రాయిని నమ్మకు బిడ్డా," అన్నడు సుమనతో. "రాయి చేతుల మీద పోతది. దాని కింద ఉన్నది పోదు."

"కింద ఏమున్నది తాతా?"

"బొగ్గులు. మొదలు సర్వే వచ్చిన నాడు హద్దురాయి పాతే ముందు మూడు అడుగుల గుంత తీసి, కుండ పెంకులు, బొగ్గులు దంచి పోసి, దాని మీద రాయి నిలబెట్టిండ్రు. మా నాయిన గొలుసు పట్టిండు, ఆయన చెప్పిండు. బొగ్గును చెద తినదు. వాన కడగది. ఎవనికి పనికిరాదు గనుక ఎవడు ఎత్తుకపోడు."

చంద్రమోహన్ నవ్విండు. "మంచిగున్నది మొండన్నా. అయితే తవ్వుదం. నీ లెక్క చెప్పిన కాడ తవ్వుదం బిడ్డా. బొగ్గులు ఎల్లితే రాయి అక్కడికి పోతది. ఎల్లకపోతే ఉన్నకాడనే ఉంటది, నువ్వు సంతకం పెట్టి పోవాలె. అందరు విన్నరు గద?"

సుమన ఏదో అనబోయింది. ఈలోపే గట్టమ్మ లేచి నిలబడి, "తవ్వున్రి," అన్నది.

కర్ర చూపిన చోట సుమన సున్నం పొడితో గుర్తు పెట్టింది. మిర్చి సాళ్ల నడుమ ఖాళీలో పడ్డది గుర్తు. ఆగయ్య గడ్డపార వేసిండు. అడుగు దిగింది. రెండడుగులు దిగింది. ఎర్రమన్ను పెళ్లలు పెళ్లలుగా లేచి వస్తున్నది. మొండయ్య గుంత అంచున గొంతుకూసోని ఒక్కొక్క పెళ్లను చేతిలోకి తీసుకొని నలిపి చూసి పడేస్తున్నడు. మూడడుగులు. నాలుగడుగులు. మన్ను రంగు మారలేదు, మెత్తన కాలేదు.

"పుట్టు మన్ను," అన్నడు మొండయ్య మెల్లగా. "ఎవ్వడు ముట్టని మన్ను."

ఆ మాటతో అయిపోయింది. చుట్టూ చేరిన ఏడెనిమిది మందిలో ఎవరో సన్నగా నవ్వి, ఆపుకున్నరు. చంద్రమోహన్ గుంతలోకి తొంగి కూడ చూడలేదు. సంచీలో నుంచి నీళ్ల సీసా తీసి సుమనకు ఇచ్చిండు. "తాగు బిడ్డా. కొత్తల గిట్లనే అయితది."

గట్టమ్మ వచ్చి గుంతలోకి చూసింది. చాలాసేపు చూసింది. "కొలిచింది నువ్వే గద బిడ్డా," అన్నది. నిందించినట్టు అనలేదు. అడిగినట్టు అన్నది. సమాధానం కోసం ఆగకుండ కొంగు దులుపుకొని ఇంటి దిక్కు పోయింది.

"సంతకం రేపు పెడ్త సార్," అన్నది సుమన. "నక్ష గీసి తెస్త."

"రేపు పొద్దున్నే తే. కొనేటోడు ఎల్లుండి వస్తున్నడు." చంద్రమోహన్ బండి ఎక్కి, చేను దిక్కు చూసిండు. రెడ్యా ఇంకా సాలు వెంట ఉన్నడు. "మీ నాయిన మంచి కష్టజీవి. ఉగాదికి కౌలు మళ్ల రాయాలె. కొనేటోనికి నేనే చెప్పి రాయిస్త, రంది పడకు."

ఆ మాట మంచిగానే అన్నడు. అంత మంచిగా అనడం వల్లనే అది సుమన ఒంట్లో గుచ్చుకున్నది.

*

పొద్దు గూకే యాళ్లకు తండకు చేరింది. రెడ్యా అరుగు మీద కూసోని చేతులకు నూనె రుద్దుకుంటున్నడు. మిర్చి కాయ ఏరి ఏరి వేళ్ల సందులు మండుతుంటయి. నీళ్లు తగిలితే ఇంకా మండుతయి.

"పెట్టు సంతకం, బేటీ," అన్నడు, ఆమె అడగకముందే. తండ్రీబిడ్డలు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలోనే. "తవ్వి చూసిండ్రు. లేదు. నీ తప్పేమున్నది?"

"టిపన్ తప్పు కాదు బా. ఆ సగం పాకెట్ గింజ మిగులుతున్నది చూడు, అది అబద్ధం ఎట్లయితది?"

రెడ్యా చేతులు రుద్దుకోవడం ఆపలేదు. "గట్టమ్మకైతే టిపన్ ఉన్నది. నంబరున్నది. మనకేమున్నది? మా తాత లింగ్యా గుట్ట కింద అడవి కొట్టి, మోడులు తవ్వి, ఆరు అరకల భూమి చేసిండట. సర్వే గొలుసు వస్తున్నదంటే పన్ను రాసుకుంటరని బెదిరి, తండ తండ అంత అడవిల దాక్కున్నరు. మూడు దినాలైనంక దిగి వచ్చిండ్రు. వచ్చేసరికి ఆ భూమి వేరేటోళ్ల పేర్ల మీద ఎక్కింది. దున్నినోడు చెట్టు మీద, నంబరు ఊర్లె. అప్పటి నుంచి మనం కౌలుదారులం. గొలుసు కాడ నిలబడ్డోనిదే భూమి, బేటీ. నిలబడనోనిది కాదు."

సుమన తండ్రి మొహం దిక్కు చూసింది. ఈ కథ ఎన్నడూ చెప్పలేదు ఆయన. చెప్పినంక కూడ అదేదో ఎవరి సంగతో అన్నట్టు, నూనె గిన్నె మూత పెట్టిండు.

"గట్టమ్మ నిలబడ్డది గద బా. పొద్దటి నుంచి కొలత కాడనే ఉన్నది."

రెడ్యా లేచి లోపలికి పోయిండు.

తెల్లారి కోడి కూసినంక కొద్దిసేపటికే సుమన బండి తీసి ఊర్లోకి పోయింది. నక్ష గీయలేదు. మొండయ్య ఇంటి ముందట ఆగింది. ముసలాయన బర్రె పాలు పిండి, దూడను వదులుతున్నడు.

"తాతా, టిపన్ తప్పు పోతదా?"

"మా నాయిన పట్టిన గొలుసు తప్పు పోదు. నేను పట్టింది అడుగు, ఒకటి రెండు చెప్త." పాలచెంబు పక్కన పెట్టిండు. "నిన్న అడుగులల్ల చెప్పినవు. అడుగులు నాకు తెల్వయి. గొలుసుల చెప్పు, ఎంత?"

"పన్నెండు పాయింట్ తొమ్మిది."

"పన్నెండు ఏంది?"

"పన్నెండు చుక్క తొమ్మిది."

"చుక్క ఎక్కడిది? గొలుసుల చుక్క ఉండదు."

సుమన ట్యాబ్ తెరిచి, ఫోటోను వేళ్లతో సాగదీసి పెద్దగ చేసింది. పన్నెండు. తొమ్మిది. నడుమ చుక్క లేదు. సన్నటి అడ్డగీత. సిరా చెదిరి, చిన్నగ కనపడి, నిన్న ఆమె చేయి దాన్ని చుక్క చేసి లెక్కలో వేసేసింది.

మొండయ్య బర్రె మెడ కాడికి పోయిండు. బర్రెను కట్టేసింది ఇనుప గొలుసుతోని. పొడుగాటి కమ్ములు, కమ్మికీ కమ్మికీ మధ్యన కడియాలు, నడుమ నడుమ అరిగిపోయిన ఇత్తడి బిళ్లలు. సగమే మిగిలిన సర్వే గొలుసు అది. బర్రె మూతిని పక్కకు నెట్టి, ఒక ఇత్తడి బిళ్లను బొటనవేలుతో తుడిచిండు.

"గిది అణా. రూపాయికెన్ని అణాలో గొలుసుకు గన్నే. పదహారు. పన్నెండు గొలుసుల తొమ్మిది అణాలు బిడ్డా అది. తొమ్మిది అణాలంటే గొలుసుల సగం, పైన ఒక్క అణా."

శిక్షణలో ఒక్క పూట ఈ పాఠం చెప్పిండ్రు. సుమన రాసుకున్నది కూడ. తర్వాత యాభై రోజులు యంత్రాలు, మీటర్లు, చుక్కల లెక్కలే. ఆమె నేల మీద కూసోని వేళ్లతో లెక్క పట్టింది. పన్నెండు గొలుసులకు మూడు వందల తొంభై ఆరు. తొమ్మిది అణాలకు పద్దెనిమిదిన్నర. నాలుగు వందల పద్నాలుగున్నర అడుగులు. నిన్న తవ్వించింది పదకొండు అడుగుల అవతల.

"తప్పు నాదే తాతా," అన్నది.

"తప్పు దొరికింది గద," అన్నడు మొండయ్య, పాలచెంబు ఎత్తుకుంటూ. "నడువు. నా చెప్పులు తెచ్చుకుంట."

*

చంద్రమోహన్ అప్పటికే చేను కాడ ఉన్నడు. ఆగయ్య, ఇంకో ముగ్గురు నలుగురు ఉన్నరు. గట్టమ్మను సుమనే పోయి తీసుకొచ్చింది. ఏం చెప్పకుండ తీసుకొచ్చింది, చెప్పి మళ్ల తప్పితే ఆ మొహం చూడలేనని.

"నక్ష తెచ్చినవా?" అన్నడు చంద్రమోహన్.

"తేలేదు సార్. నిన్న నేను లెక్క తప్పిన. అణాలను చుక్కలనుకున్న. తవ్విన కాడి నుంచి పదకొండు అడుగులు వాగు దిక్కు రావాలె." అందరి ముందట తప్పు చెప్పుకోవడం ఎట్లుంటదో అని దారి పొడుగున భయపడ్డది. చెప్పినంక సున్నం డబ్బా చేతిలోకి తీసుకున్నది.

చంద్రమోహన్ మొహంలో మొదటిసారి నవ్వు పోయింది. "ఆటలాడుతున్నవా? నిన్న అందరి ముందట మాట అయింది. ఒక్క గుంత. ఎల్లలేదు. ఇయ్యాల పదకొండు అడుగులు అంటవు, రేపు ఇంకో పదకొండు అంటవు. నా భూమి మొత్తం జల్లెడ చేస్తవా? నా చేన్ల ఇంకో గడ్డపార పడనియ్య."

"సార్, కొలత పూర్తి కాలేదు. తప్పు లెక్క మీద నేను..."

"నా భూమి. నేను వద్దంటున్న. అంతే."

భూమి ఆయనది. సుమన చేతిలో సున్నం డబ్బా ఉన్నది.

మిర్చి సాళ్లలో చప్పుడైంది. రెడ్యా వస్తున్నడు. నడుముకు ఏరుడు సంచీ అట్లనే ఉన్నది. చేతిలో గడ్డపార. బిడ్డ దిక్కు చూడలేదు, చంద్రమోహన్ దిక్కే చూసిండు.

"సేటూ, ఉగాది దాక ఈ చేను నాకు కౌలు ఇచ్చినవు. కౌలు ముందుగాలనే ముట్టజెప్పిన. ఈ పంట నాది. ఉగాది దాక ఈ మన్ను దున్నాల్నా, తవ్వాల్నా, ఎండబెట్టాల్నా, అది నా ఇష్టం. అవునా కాదా?"

"రెడ్యా, నీకెందుకు గిది?"

"అవునా కాదా అని అడుగుతున్న."

ఇన్నేండ్లలో రెడ్యా ఆయన కండ్లలోకి చూసి మాట్లాడింది లేదు. చంద్రమోహన్ చుట్టూ చూసిండు. నలుగురైదుగురు చూస్తున్నరు. కాదంటే, కౌలు ఇచ్చి మాట తప్పినట్టు అయితది. ఔనంటే గడ్డపార పడ్తది. చెయ్యి విసిరి, "తవ్వుకో పో," అన్నడు. "ఉగాది ఎన్నో దినాలు లేదు."

రెడ్యా బిడ్డ దిక్కు తిరిగిండు. "యాడ?"

సుమన కర్ర నిలబెట్టింది. బుడగ కుదరడానికి ఈసారి చాలాసేపు పట్టింది. కుదిరినంక సున్నం గుర్తు పెట్టింది. గుర్తు ఒక మిర్చి చెట్టు మొదట్లో పడ్డది. రెడ్యా వంగి, ఆ చెట్టును వేర్లతో సహా పీకి, దానికి మిగిలిన నాలుగు కాయలు తెంపి గట్టమ్మ చేతిలో పెట్టిండు. పార తీసుకొని పైమన్ను గీకి పక్కకు జరిపిండు. తర్వాత గడ్డపార ఎత్తిండు.

మొదటి అడుగులో ఏం లేదు. చదును చేసినప్పటి కలిసిపోయిన మన్ను. అడుగున్నర దిగినంక గడ్డపార రాయికి తగిలి ఠంగుమన్నది. రెడ్యా చేతులతో మన్ను తీసిండు. తలకాయంత రాయి. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. గుండ్రంగా, ఒకదాన్నొకటి ఆనుకొని, నడుమ ఖాళీ వదిలి పేర్చిన రాళ్లు. ఖాళీలో మన్ను మెత్తగా, వేరే రంగులో ఉన్నది.

"ఆ నడుమనే రాయి నిలబడ్డది," అన్నడు మొండయ్య. గొంతుకూసున్నోడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేచి, మళ్ల కూసున్నడు. "అవి దాన్ని పడకుండ పట్టిన రాళ్లు. ఇగ గడ్డపార వద్దు. చేత్తోని తియ్యి."

రెడ్యా గుంతలో సగానికి దిగి, రెండు చేతులతో మెత్తమన్ను తోడిండు. మోచేతి దాక పోయింది చెయ్యి. ఆగిండు. పిడికిలి బయటికి తీసి విప్పిండు.

ఎర్రటి అరచేతిలో నల్లటి బొగ్గు. గోరంత, వేలంత ముక్కలు. దాంట్లో కలిసి రెండు కుండ పెంకులు.

మళ్ల తీసిండు. మళ్ల బొగ్గే. గుంత అడుగున బెత్తెడు మందాన నల్లగా, గట్టిగా, నిన్ననే ఎవరో దంచి పోసినట్టు ఉన్నది. ఎర్రమన్ను నడుమ ఆ నలుపు ఎంత తేటగా కనపడుతున్నదంటే, ఎవరూ దగ్గరికి వచ్చి చూడాల్సిన పని లేకపోయింది. అయినా అందరూ వచ్చిండ్రు. గట్టమ్మ కూసోని, గుంతలోకి చేయి పెట్టి, ఒక ముక్క తీసి వేళ్ల మధ్యన నలిపి చూసింది. వేళ్లు నల్లగా అయినయి. ఆ వేళ్ల దిక్కే చూసుకుంటూ, "ఎనిమిది గుంటలు," అన్నది.

సుమన లెక్క కూడ అంతే చెప్పింది. ఎనిమిది గుంటల పైన కొంచెం.

చంద్రమోహన్ గుంతకు రెండడుగుల దూరంలోనే నిలబడ్డడు. "ఎవరో మంట పెట్టుకున్నరేమో," అన్నడు. "పొలాలల్ల మంటలు పెడ్తనే ఉంటరు."

"మూడు అడుగుల లోపల పెడ్తరా సేటూ?"

ఆ మాట అన్నది ఆగయ్య. పార కింద పెట్టిండు. "నాలుగేండ్ల కింద రాయి లేచినప్పుడు గిక్కడ్నే లేచింది. గిదే గుంత. నేనే ఒక కొస పట్టి గక్కడికి మోసిన. మీరు ఎక్కడ దింపుమంటే అక్కడ దింపిన. ఆ రాళ్లు చూసిన నేను. బొగ్గులున్నయని తెల్వదు."

చంద్రమోహన్ రుమాలు తీసిండు. తుడుచుకోలేదు. మడిచి మళ్ల జేబులో పెట్టుకొని బండి దిక్కు నడిచిండు.

గుంతలో ఉన్న రెడ్యాకు సుమన చెయ్యి ఇచ్చింది. ఆయన పట్టుకొని పైకి వచ్చిండు. చేతులకు అంటిన బొగ్గు బిడ్డ చేతికి కూడ అంటుకున్నది. ఇద్దరూ తుడుచుకోలేదు.

*

మూడో రోజు పంచనామా రాయాలె. నిన్న చూసినోళ్లందరి ముందట, ఏం కొలిచిండ్రు, ఏం తవ్విండ్రు, ఏం దొరికిందని రాసి, సంతకాలు తీసుకొని పై ఆఫీసుకు పంపాలె. సుమన తెల్లకాయితాల మీద తన చేతితోనే రాసింది. మొదటి రోజు తాను చేసిన తప్పు లెక్క కూడ దాచకుండ రాసింది. మొండయ్య ఆ ముక్కను రెండుసార్లు చదివించుకొని విన్నడు.

"గిది రాయకున్నా నడుస్తది బిడ్డా."

"రాసే పంపుత తాతా. రేపు ఇంకొకలు ఈ కాయితం చూస్తరు, వాళ్లు అణాలను చుక్కలనుకోకుంట ఉంటరు."

సాక్షుల కాడ ఆగయ్య మొదలు సంతకం పెట్టిండు. తర్వాత మొండయ్య. తర్వాత గట్టమ్మ, అక్షరాలను ఒక్కొక్కటి నిలబెట్టినట్టు, గట్టిగా ఒత్తి రాసింది. చంద్రమోహన్ చివరికి వచ్చిండు. వస్తడనుకోలేదు ఎవరూ. కొనేటోన్ని వెంట తెచ్చుకున్నడు. నక్ష లేకుంటే అమ్మకం లేదు, ఇంకో నక్ష గీయించాలంటే ఈ గుంత చూసిన జనమంత ఊర్లనే ఉన్నరు. కాయితం చదివి, జేబులో పెన్ను తీసి సంతకం చేసి, సుమన చేతికి ఇచ్చిండు.

"మీ నాయిన కౌలు ఉగాదికి ఒడిసిపాయె," అన్నడు.

"తెలుసు సేటూ," అన్నడు రెడ్యా పక్క నుంచి. "ఆఖరు ఏరుడు కూడ ఇయ్యాలతోని ఒడుస్తది."

ఆయన గొంతులో బాధ ఏం లేదు. ఇంకో కౌలు చూసుకోవాలె, అది ఆయనకు కొత్త కాదు. కొత్తది వేరే. పొద్దటి నుంచి జనం ఆయనను చూస్తున్నరు, ఆయన కూడ వాళ్లను చూస్తున్నడు, తల దించకుండ.

రాయిని నలుగురు మోసిండ్రు. ఎవరు వద్దన్నా వినకుండ ఆగయ్య ముందట పట్టిండు. పేర్చిన రాళ్ల నడుమకు దింపి, మన్ను కూరి, చుట్టూ కాళ్లతో తొక్కిండ్రు. సుమన కర్ర ఆనించింది. నాలుగు వందల పద్నాలుగు, పైన ఆరంగుళాలు. గట్టిగా చదివింది, వాగు కాడున్నోళ్లకు కూడ వినపడేటట్టు. గట్టమ్మ ఆ రాయిని దాటి, తన చెలకలోకి తిరిగొచ్చిన మిర్చి సాళ్ల నడుమ ఒక చివరి నుంచి ఇంకో చివరి దాక నడిచింది. మెల్లగా నడిచింది. మళ్ల తిరిగి నడుచుకుంటూ వచ్చింది.

"ఈ సాళ్లల్ల మిగిలిన కాయ నీదే అన్నా," అన్నది రెడ్యాతో. "ఏరుకో. నీ పంట అది."

రెడ్యా తల ఊపి, సంచీ నడుముకు సర్దుకున్నడు.

సుమన యంత్రం విప్పి డబ్బాలో పెడుతుంటే పక్కకు ఎవరో వచ్చి నిలబడ్డరు. ఉమారాణి, మూడో నంబరు ఆమె. చేతిలో పాసుపుస్తకం జిరాక్సు. "నా పడమర గెట్టు కూడ ఒకసారి చూడాలె చెల్లే. మా మామ ఉన్నప్పటి తుమ్మచెట్టు ఇప్పుడు పక్కోళ్ల చేన్ల ఉన్నది. చెట్టు నడుస్తదా?"

ఆమె వెనుక ఇంకొకాయన. ఆయన వెనుక ఇద్దరు. ఒకాయన చేతిలో కాయితమే లేదు, నోటితోనే చెప్తున్నడు, అన్నదమ్ముల వంతు, నడుమ బాట, పోయిన రాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నరు. సుమన ఒక్కొక్కరిని ఆపి, సర్వే నంబరు అడిగి, నోటుపుస్తకంలో వరుసగా రాసుకున్నది. "దరఖాస్తు పెట్టున్రి. పక్కోళ్లకు నోటీసు పోవాలె. వాళ్ల ముందటనే కొలుస్త, వాళ్లు లేకుంట కొలవ," అని అందరికీ అదే మాట చెప్పింది. రెండు పేజీలు నిండినయి.

ఆఖరున నిలబడ్డోడు తండ నుంచి వచ్చిన ముసలోడు. ఆయన దగ్గర నంబరు లేదు. గుట్ట కింద మూడెకరాలు దున్నుకుంటున్నడు, నలభై ఏండ్ల నుంచి. ఏం రాయాల్నో తెలియక సుమన పెన్ను ఆగింది.

"దున్నేది యాడి నుంచి యాడి దాకనో చూపిస్తవా కాకా?" అన్నది లంబాడీలో.

"చూపిస్త. ఒక్కొక్క మోడు చూపిస్త."

"అయితే నక్ష గీస్త. నంబరు సంగతి తర్వాత అడుగుదం. ముందు నక్ష చేతిల ఉండాలె."

రెడ్యా అది విన్నడు. ఏరుడు సంచీ విప్పి ఒరం మీద పెట్టిండు. డబ్బాలో పెట్టబోతున్న రెండు మీటర్ల కర్రను బిడ్డ చేతిలో నుంచి తీసుకొని, బుడగ ఎట్లుంటదో ఒకసారి కిందికి మీదికి వంచి చూసుకొని, భుజానికి ఎత్తుకున్నడు.

"ముందుగాల ఎటు దిక్కు, బేటీ?" అని అడిగిండు.

సుమన గుట్ట దిక్కు చూపించింది. ఆయన ముందు నడిచిండు.